గిండీలో ఒక తెలుగు మాస్టారు

ఏ కాలేజీకి జూబిలీ వచ్చినా పూర్వ విద్యార్థుల సంఘం ముందుగా తేల్చుకునేవి రెండే: భోజనాలు ఎక్కడ, సన్మానం ఎవరికి. సన్మానం మామూలుగా అమెరికాలో కంపెనీ పెట్టినవాడికో, ఢిల్లీలో పెద్ద కుర్చీ ఎక్కినవాడికో పోతుంది. పాఠం చెప్పిన మాస్టారికి ఇద్దామని ఎవరైనా అంటే అందరూ సరేనంటారు. తీరా సన్మానపత్రం రాయబోతే కలం సాగదు. సర్వీసు ఎన్నేళ్లు, ఎన్ని పేపర్లు, ఎన్ని కమిటీలు... ఆ పైన ఏం రాయాలో తోచదు. అలాంటివాళ్ల కోసం గిండీ ఇంజనీరింగ్ కాలేజీ మాస్టారు ఒకరిని గుర్తు చేస్తాను.

మద్రాసు కాలేజీ మనకెందుకనకండి. మద్రాసు రాష్ట్రంలో ఉన్నన్నాళ్లూ నెల్లూరు జిల్లాకు దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీ అదే. జలదంకి కుర్రాడు ఇంజనీరు కావాలంటే కావలిలో రైలెక్కి మద్రాసులో దిగాల్సిందే. ఆ కాలేజీ మొదట సర్వే స్కూలు. 1794లో ఎనిమిది మంది పిల్లలతో దాన్ని మొదలుపెట్టిన మైకేల్ టాపింగ్ రెండేళ్లు తిరక్కుండానే మన బందరులో కన్నుమూశాడు. ఆ స్కూలే 1859లో ఇంజనీరింగ్ కాలేజీ అయింది, 1920లో గిండీకి చేరింది. నాగార్జునసాగర్ కె.ఎల్. రావు గారు అక్కడ చదివినవారే. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టి, కంప్యూటర్ రంగంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారూ అక్కడివారే. వీళ్ల గురించి అన్ని సంచికల్లోనూ వస్తుంది. నేను చెప్పబోయేది పప్పు సుబ్బారావు గారి సంగతి.

ఆయన గిండీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఏడుగురు సంతానం. వారిలో ఐదో బిడ్డ లలిత 1919లో పుట్టింది. పదిహేనో ఏట అయ్యలసోమయాజుల వారింటి కోడలైంది. 1937లో ఆడపిల్లను కన్నది. ఆ పిల్లకు నాలుగు నెలలు నిండేసరికి భర్త పోయాడు. చంకలో బిడ్డతో పద్దెనిమిదేళ్ల అమ్మాయి పుట్టింటికి వచ్చింది. ఆ రోజుల్లో అలాంటి పిల్లను ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టడమే తెలుసు లోకానికి. సుబ్బారావు గారు క్వీన్ మేరీస్ కాలేజీలో చేర్పించారు. ఇంటర్మీడియట్ ఫస్ట్ క్లాసులో అయింది. డాక్టరీ చదివితే అర్ధరాత్రి కూడా బిడ్డను వదిలి పరిగెత్తాలి కాబట్టి ఇంజనీరింగ్ చదువుతానంది.

గిండీలో అంతవరకూ ఆడపిల్ల అడుగుపెట్టలేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారిని ఒప్పించారు. విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్ దొర దాకా వెళ్లి అనుమతి తెచ్చారు. 1940లో, వందల మంది మగపిల్లల మధ్య లలిత ఒక్కతే చేరింది. హాస్టల్లో ఆమెకు వేరే వసతి ఏర్పాటు చేశారు.

సొంత కూతురు కాబట్టి చేశాడు, ఇందులో గొప్పేముందని ఎవరైనా అనవచ్చు. అనేవాళ్లు తర్వాత జరిగింది కూడా వినాలి. అంత పెద్ద కాలేజీలో లలితకు పలకరించే తోడు లేదు. మరికొందరు ఆడపిల్లలు చేరితే బాగుంటుందని, గిండీలో వాళ్లకూ సీట్లు ఇస్తున్నారన్న మాట పదిమందికీ తెలిసేలా చేశారు సుబ్బారావు గారు. కేరళ నుంచి లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా వచ్చి సివిల్‌లో చేరారు. కూతురి కోసం తెరిపించిన తలుపును మళ్లీ మూసుకోనివ్వని ఈ రెండో పనే నా లెక్కలో పెద్దది. త్రేసియా గారు తర్వాత కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు.

యుద్ధం రోజులు. కోర్సును కొన్ని నెలలు కుదించారు. చదువు పూర్తయి పట్టాలు చేతికొచ్చేసరికి అచ్చులో అంతటా ‘అతడు’ అని అర్థమిచ్చే ఇంగ్లిషు మాటే ఉంది. ఆడపిల్ల పట్టా పుచ్చుకుంటుందని అచ్చు వేయించినవాళ్లు అనుకోలేదు. ఆ మాట కొట్టేసి, పైన కలంతో ‘ఆమె’ అని దిద్ది ఇచ్చారు.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ అయ్యాక లలిత గారు సిమ్లాలో కొన్నాళ్లు ఉద్యోగం చేశారు. ఆపైన తొమ్మిది నెలలు నాన్నగారి పరిశోధనల్లో సాయం పట్టారు. ఆయన కనిపెట్టినవి కూడా చిత్రమైనవే: జెలెక్ట్రోమోనియం అనే విద్యుత్ సంగీత వాద్యం, పొగరాని పొయ్యి, కరెంటుతో మంట పుట్టించే సాధనం. వీటిలో పొయ్యి మీదే నాకు గురి. కట్టెల పొగకు కళ్లు మండిన వంటిళ్లు మన మెట్ట ఊళ్లలో ఎన్ని లేవు! తర్వాత కలకత్తాలో ఏఈఐ కంపెనీలో చేరి, భాక్రానంగల్ కరెంటు లైన్ల డిజైన్లలో పనిచేశారు లలిత గారు. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లివచ్చారు.

ఈలోగా కాలేజీలే మన వైపు నడిచి వచ్చాయి. 1946లో అనంతపురం కాలేజీ పెట్టినప్పుడు మొదటి క్లాసులు గిండీలోనే నడిచాయి. 1959లో తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 1998లో కావలిలో విశ్వోదయ వచ్చింది. జలదంకి ఆడపిల్ల ఇంజనీరింగ్ చదువుతానంటే ఇప్పుడు ఇంట్లో అడిగేది ఏ బ్రాంచి, ఫీజు ఎంత అనే.

సన్మానపత్రం రాసే కమిటీవారికి ఒక మనవి. మీ మాస్టారి సర్వీసు రిజిస్టరు చూసే ముందు కాలేజీ పాత అటెండరునో, ఆఫీసు గుమాస్తానో కలవండి. ఈయన ఎవరి దరఖాస్తు చేతపట్టుకుని ప్రిన్సిపాల్ గది చుట్టూ తిరిగారో, ఎవరి ఫీజు గడువు కోసం ఎవరితో పోట్లాడారో అడగండి. చెప్పింది చెప్పినట్టు మొదటి పేరాలో వేయండి. పేపర్లూ కమిటీలూ, చోటు మిగిలితే, అడుగున వేసుకోవచ్చు.