గ్రామాభివృద్ధి కమిటీలు: సొంత ఆస్తిపై అధికార పరిమితులు

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల పల్లెల్లో గ్రామ పంచాయతీకి సమాంతరంగా నడిచే కుల ప్రతినిధుల ఉమ్మడి సంఘాలే గ్రామాభివృద్ధి కమిటీలు. వాడుకలో వీటిని వీడీసీలంటారు. గుడులు, పండుగలు, ఊరుమ్మడి పనులకు నిధులు సమకూర్చడం వీటి ఉద్దేశం. చందాలతో పాటు బెల్టు షాపులు, కల్లు అమ్మకాలకు వేలం పాటలు పెట్టీ, దండుగలు వేసీ డబ్బు రాబట్టిన కమిటీలున్నాయి.

ఇంటి పన్ను విధించే అధికారం తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం గ్రామ పంచాయతీదే. చట్టం అనుమతి లేకుండా పన్ను వసూలు చేయరాదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. కాబట్టి ఇష్టపడి ఇచ్చినంతవరకే కమిటీకి ముట్టేది చందా. బెదిరించి తీసుకుంటే అది భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు.

అపార్ట్‌మెంట్ యజమానుల సంఘాల స్థితి వేరు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం, బైలాల ఆధారంగా అవి ఉమ్మడి నిర్వహణ ఖర్చు వసూలు చేస్తాయి. సభ్యులు ఒప్పుకొని చేరిన సహకార సంఘం బైలాలు, ఆస్తి అమ్మకంపై ఆంక్ష పెట్టినా, వారికి వర్తిస్తాయని జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు 2005లో తీర్పిచ్చింది. వీడీసీకి అలాంటి చట్టమూ లేదు, ఊళ్లో పుట్టినంత మాత్రాన ఎవరూ దాని నిబంధనలకు ఒప్పుకున్నట్టూ కాదు.

ఇక ఆస్తి విషయానికొస్తే, రాజ్యాంగం 300ఎ అధికరణం ప్రకారం ప్రభుత్వమైనా చట్టం ఆధారంగానే ఆస్తిని తీసుకోవాలి. కమిటీ తీర్మానంతో పట్టా మారదు. అయితే కమిటీ పట్టు హక్కు పత్రం మీద కాదు, ఆస్తి వాడకం మీద ఉంటుంది. మాట వినని కుటుంబానికి సరుకులు అమ్మవద్దనీ, వారి పనికి పోవద్దనీ, వారితో మాట్లాడితే దండుగ తప్పదనీ చాటింపు వేయిస్తారు. భూమి రైతు పేరిటే ఉంటుంది. దున్నడానికి ట్రాక్టరు రాదు, పసుపు తవ్వడానికీ ఉడకబెట్టడానికీ కూలీలు దొరకరు.

ఇతర కులాలవారు ఎస్సీ, ఎస్టీలపై ఇలాంటి సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించినా, విధిస్తామని బెదిరించినా అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2015 సవరణతో దాన్ని చట్టంలో స్పష్టంగా చేర్చారు. మిగతావారు బెదిరింపు, బలవంతపు వసూలు, అక్రమ నిరోధం సెక్షన్ల కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ కోరవచ్చు. మహారాష్ట్ర 2016లో అన్ని వర్గాలకూ వర్తించేలా బహిష్కరణ నిరోధానికి ప్రత్యేక చట్టం చేసింది.