పాఠ్య పథకం పుట్టుపూర్వోత్తరాలు

మన సంఘంలో రెవెన్యూ వారున్నారు, పంచాయతీరాజ్ వారున్నారు, వైద్య శాఖ వారున్నారు. పంతుళ్ల సంఖ్యా తక్కువేమీ కాదు. రెవెన్యూ మిత్రులకు అడంగల్ ఎలాంటిదో మాకు పాఠ్య పథకం అలాంటిది. చేలో ఏమున్నా లేకపోయినా పుస్తకంలో మాత్రం పంట కనిపించాలి! ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. 1976 నుంచి 2011 వరకు నేను చంకన పెట్టుకుని తిరిగిన ఈ పుస్తకం చరిత్ర రాద్దామనిపించింది.

మన పాత వీధి బడుల్లో పాఠ్య పథకం లేదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాష్ట్రంలోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. దానికి జవాబుగా 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక చదవవలసినది. పొద్దున్నే బడికి మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ముందు నేర్చినవాడు వెనుకవాడికి చెప్పడం కూడా అందులో ఉన్నాయి. పిల్లలు పద్యాలు వల్లిస్తారు గాని అర్థం తెలియదని ఆయన ఫిర్యాదు. ఏది ఎలా ఉన్నా, ఆ బడిలో ఒక్కొక్క పిల్లవాడు ఒక్కొక్క చోట ఉండేవాడు. నలభైమందిని వరుసగా కూర్చోబెట్టి అందరికీ ఒకే గంటలో ఒకే పాఠం చెప్పే తరగతి వచ్చాకనే, ఆ గంటలో ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది.

ఆ ప్రశ్నకు జవాబు జర్మనీ నుంచి వచ్చింది. ట్రైనింగులో హెర్బార్ట్ పేరు బట్టీపట్టని పంతులు లేడు. కాని ఆయన ఎవరో మాకెవరూ చెప్పలేదు. యోహాన్ ఫ్రీడ్రిష్ హెర్బార్ట్ 1776లో పుట్టి 1841లో పోయిన తత్వవేత్త. 1809లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో, అంతకు ముందు కాంట్ అలంకరించిన ఆచార్య పీఠం ఆయనకు దక్కింది. అంతకంటే ముందు, ఇరవయ్యేళ్లు దాటీ దాటని వయస్సులో, స్విట్జర్లాండులో ఒక పెద్ద అధికారి ఇంట్లో ముగ్గురు కొడుకులకు ప్రైవేటు చెప్పేవాడు. ఎవడికి ఏది వచ్చింది, ఏది రాలేదు, తరువాత ఏం చెప్పదలచుకున్నాడు అన్నది వాళ్ల నాన్నకు ఉత్తరాలుగా రాసేవాడు. నా దృష్టిలో మన పాఠ్య పథకానికి మూలపురుషులు ఆ ఉత్తరాలే. తరువాత 1806లో బోధనాశాస్త్రం మీద ఆయన రాసిన గ్రంథంలోని ముఖ్యమైన మాట ఒకటే: కొత్త విషయం ఖాళీ బుర్రలోకి దిగదు, అప్పటికే అక్కడున్న భావాలతో ముడిపడితేనే నిలుస్తుంది. మనం పూర్వజ్ఞానం అని రాసేది ఇదే.

హెర్బార్ట్ చెప్పినవి నాలుగు దశలు. మనం చదివిన మెట్లు ఆయన శిష్యపరంపరలోని జిల్లర్, రైన్ అనేవారు సవరించి కట్టినవి: సన్నాహం, సమర్పణ, సంసర్గం, సామాన్యీకరణం, అన్వయం. మన ట్రైనింగు కాలేజీలు పునర్విమర్శ అని ఆరోది చేర్చుకున్నాయి. జెనాలో రైన్ దగ్గర చదువుకోవడానికి దేశదేశాల నుంచి వెళ్లారు. 1895లో అమెరికాలో హెర్బార్ట్ పేరు మీద ఒక జాతీయ సంఘమే వెలిసింది. 1910లో జాన్ డ్యూయీ దీనికొక సవరణ చెప్పాడు. ఈ మెట్లు పంతులు ఇంటి దగ్గర సిద్ధమయ్యేందుకు పనికివస్తాయి గాని, తరగతిలో ఆలోచన ఆ వరుసలోనే నడవాలని పట్టుపట్టకూడదని ఆయన వాదన. ఈ సవరణ మాత్రం మా దాకా రాలేదు.

మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు 1856లో మొదలైంది. తరువాత సైదాపేట టీచర్స్ కాలేజీగా పేరు పొందినది అదే. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని 1854 నాటి ఉడ్స్ డెస్పాచ్ చెప్పిన మాటకు అది ఫలితం. కాని అదే శతాబ్దంలో ఇంకొక పద్ధతీ నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడితే ఎంతమంది పిల్లలు ప్యాసయ్యారో దాన్నిబట్టి బడికి గ్రాంటు. పంతులు పొట్ట ఇన్‌స్పెక్టరు చేతిలో ఉండేదన్నమాట. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆ పద్ధతి పోయింది గాని భయం పోలేదు. జర్మనీలో పంతులు తన కోసం రాసుకున్న కాగితం మన దగ్గర దొరవారికి చూపించే కాగితంగా మారడానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

ఇన్‌స్పెక్టర్లందరినీ ఒకే గాట కట్టడమూ న్యాయం కాదు. ఉత్తర సర్కారుల్లో పనిచేసిన జె.ఎ. యేట్స్ దొర తెలుగు పాఠాలు చెబుతున్న తీరు చూసి వేసిన ప్రశ్నలతోనే 1906 ప్రాంతంలో గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడ వారు భాష సంగతి పట్టించుకున్నారు. పిల్లవాడికి వచ్చిన భాష వదిలేసి రాని భాషలో చదువు చెప్పడమేమిటన్నదే గదా వారి పోరాటం! గిడుగువారు సవరభాష నేర్చి సవర పిల్లలకు వాచకాలు రాశారు. పూర్వజ్ఞానం అన్న మాటను అంతకంటే బాగా అమలు చేసినవారు నాకు తెలియదు.

స్వాతంత్ర్యం వచ్చాక అమెరికా గాలి వీచింది. బెంజమిన్ బ్లూమ్ బోధనా లక్ష్యాల వర్గీకరణ 1956లో అచ్చయింది. 1950ల చివర ఆయన మన దేశానికి వచ్చి పరీక్షల సంస్కరణ మీద సదస్సులు నడిపాడు. 1961లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ఏర్పడింది. దాంతో జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అనే లక్ష్యాలు, వాటి కింద స్పష్టీకరణలు వచ్చి పడ్డాయి. "జ్ఞప్తికి తెచ్చుకుంటాడు, గుర్తిస్తాడు, పోలికలు చెబుతాడు" — ఈ వాక్యాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. పేజీని నిలువుగా గళ్లు కొట్టి, రోలప్ బోర్డు చంకన పెట్టుకుని, క్రిటిసిజం లెసన్ నాడు వణుకుతూ నిలబడినవాళ్లమే అందరం.

నేను 1975లో బి.యిడి. పూర్తిచేసి, మరుసటి సంవత్సరం ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో లెక్కల మాస్టరుగా చేరాను. ఆ పల్లె పేరు రాయను. ఏడో తరగతికి బారువడ్డీ. పథకం పుస్తకంలో "పూర్వజ్ఞానం: విద్యార్థులకు శాతము గురించి తెలియును" అని రాశాను. సూత్రం చెప్పాను, ఉదాహరణలు చేయించాను, ఇంటిపని ఇచ్చాను. తనిఖీకి వచ్చిన అధికారి పుస్తకం తిరగేసి "సక్రమముగా నున్నవి" అని ఎర్ర సిరాతో సంతకం పెట్టి వెళ్లారు. పొంగిపోయాను.

నెల తిరక్కముందే ఒక రైతు కొడుకును వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. వెయ్యి రూపాయలు అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ, సంవత్సరం తిరిగింది. వడ్డీ ఎంతో లెక్కకట్టమని కొడుకును అడిగితే వాడు నా సూత్రం ప్రకారం ఇరవై అని చెప్పాడు. ఆయన ఇరవై పట్టుకుని షావుకారు దగ్గరకు వెళ్లాడు. షావుకారు అరుగు మీద నలుగురిలో నవ్వి రెండువందల నలభై అన్నాడు.

"ఎవరి లెక్క తప్పు పంతులుగారూ?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు.

లెక్క ఎవరిదీ తప్పు కాదు. పుస్తకంలో వడ్డీ రేటు ఏడాదికి, ఊళ్లో నెలకు. ఊరి రెండు రూపాయల వడ్డీ పుస్తకంలో 24 శాతం. ఆ సంగతి చెప్పాను. ఆయన కొడుకు వంక చూసి, "అయితే మా వోడు నేర్చుకుంది మనకు పనికొచ్చేది కాదన్నమాట" అని వెళ్లిపోయాడు. కుర్రవాడు తలెత్తలేదు. మరుసటి రోజు బడికి రాలేదు, ఆ మరుసటి రోజూ రాలేదు. నాలుగో రోజు నేనే వాళ్లింటికి వెళ్లి తీసుకొచ్చాను.

ఆ తరగతిలో ప్రతి పిల్లవాడికీ "నూటికి రెండు" తెలుసు. అదే వాళ్ల పూర్వజ్ఞానం. నేనది అడగలేదు, గడి నింపాను. మరుసటి సంవత్సరం అదే పాఠానికి మొదటి ప్రశ్న "మీ ఊళ్లో వడ్డీ ఎంత? నెలకా, ఏడాదికా?" అని రాసుకున్నాను. ఆ రోజు గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

1980ల మధ్య బ్రిటన్ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అదే మన ఎప్పెప్, కొన్ని జిల్లాల్లో మొదలై, 1989 తరువాత అప్పటి 23 జిల్లాలకూ పాకింది. ఆరు సూత్రాలు, కృత్యాలు, జట్టు పని, గోడల మీద పిల్లల బొమ్మలు, టీచర్స్ సెంటర్లలో సమావేశాలు. అందులో పరిసరాలను వాడుకోమన్న సూత్రం విన్నప్పుడు నాకు ఆ రైతే గుర్తుకొచ్చాడు. కొన్ని చోట్ల కృత్యాలూ కాగితం మీదనే జరిగాయన్నది వేరే సంగతి. ఆ తరువాత వచ్చిన మార్పుల గురించి నాకంటే వెనుక రిటైరైనవారు రాస్తే బాగుంటుంది.

మా కోడలు టీచరే. ఆమె పథకం కంప్యూటరులో టైపు చేస్తుంది. మొన్న నా పాత పుస్తకం చూసి, గళ్ల పేర్లు మారాయి గాని పని అదేనని నవ్వింది. బారువడ్డీ పేజీ దగ్గర ఆగి, అంచున పెన్సిలుతో రాసి ఉన్న "నెలకా, ఏడాదికా" ఏమిటని అడిగింది. చెప్పాను.

మిత్రులకు ఒక మనవి. మీ ట్రంకు పెట్టెల్లో పాత పాఠ్య పథకాల పుస్తకాలు ఉంటే పాత కాగితాల వాళ్లకు తూకానికి వేయకండి. ముఖ్యంగా అంచుల్లో పెన్సిలు రాతలున్నవి. వచ్చే సర్వసభ్య సమావేశానికి తీసుకువస్తే సంఘం గదిలోని బీరువాలో ఒక అర ఖాళీ చేయిస్తానని కార్యదర్శిగారు మాట ఇచ్చారు.