లెక్కయంత్రమును దాని పుస్తకమును

ఉగాదినాడు మన యూళ్లలో పంచాంగ శ్రవణము జరుగును. తిథి యెన్ని ఘడియలు, నక్షత్ర మెన్ని విఘడియలు అని సిద్ధాంతిగారు చదువుచుండగా మనము విని సంతసింతుము. కాని యా సంఖ్యల నెవరు, ఏ తీరున రాబట్టిరని అడుగువారు తక్కువ. నేడు నేను ముచ్చటింపబోవునది అట్టి లెక్కలు చేసిన యొక చిన్న యంత్రమును గూర్చియు, దానికి దారి చూపి, నేడు అంగళ్లలో దొరకకుండ పోయిన పుస్తకములను గూర్చియు. ఈ కథలో నా తప్పొకటి కలదు. దానినికూడ దాచక చెప్పెదను.

మాది పుట్టపర్తి సమీపమున చిత్రావతి యొడ్డునగల పల్లె. మా తాతగారు పంచాంగ గణితము తెలిసినవారు. సాయంకాలము అరుగుమీద కూర్చుండి, సుద్దతో గీసిన గళ్లలో గవ్వలు పేర్చుచు, పెదవులు కదల్చుచు లెక్క వేసెడివారు. గవ్వలు చాలనిచోట చింతగింజలు పెట్టెడివారు. ఆయన ప్రక్కన గోధుమవన్నె అట్టగల చేవ్రాత పుస్తక మొకటి యుండెడిది. అది వారి తండ్రిగారినుండి వచ్చినది. ఏటేటి సవరణలు దాని యంచులలో వ్రాయబడి యుండెను. పిల్లలమైన మాకు మాత్రము ఆ గవ్వలు ఆటవస్తువులుగనే తోచెడివి.

ఆ గవ్వల లెక్క యెంతటిదో నాకు తెలిసినది పెద్దవాడనైన పిదప, జాన్ వారెన్ దొర వ్రాసిన పుస్తకము చూచినప్పుడు. ఈయన ఫ్రెంచివారి కుటుంబమున పుట్టి ఆంగ్లేయుల సైన్యమున కొలువు చేసినవాడు. మన హిందూపురమునకు పొరుగైన కోలారు సీమలో బంగారపు జాడలను 1802లో విచారించిన దొర యితడే. కొంతకాలము మద్రాసు నక్షత్రశాలకు అధికారిగ నుండి, దక్షిణదేశపు కాలగణన పద్ధతులను శోధించి, 1825లో మద్రాసున ‘కాలసంకలిత’ మను పెద్ద గ్రంథమును అచ్చొత్తించెను. తమిళుల సౌరమానమును, తెలుగువారి చాంద్రమానమును ఇందు రెండును వివరింపబడినవి.

పాండిచ్చేరిలో వారెను ఒక తమిళ పంచాంగకర్తను కలిసికొని, 1825 మే 31, జూన్ 1 నడిమి రాత్రి పట్టనున్న చంద్రగ్రహణమును లెక్కింపుమని కోరెను. ఆ పంచాంగకర్త కాగితము పట్టలేదు. కలము ముట్టలేదు. నేలమీద గవ్వలు పరచి, కంఠస్థమైన మాటలనుండి సంఖ్యలను తీయుచు, గ్రహణము లెక్క కట్టెను. అది వాస్తవముతో పోల్చి చూడగా స్పర్శకాలమున 4 నిమిషములు, మధ్యకాలమున 23 నిమిషములు, మోక్షకాలమున 52 నిమిషములు తేడా కనబడినది. మన మానమున చెప్పవలెనన్న, స్పర్శకు పది విఘడియలు, మోక్షమునకు రెండు ఘడియల పది విఘడియలు. దుర్భిణి లేక, అచ్చుపుస్తకము లేక, గవ్వలతో నింత దగ్గరకు వచ్చుట చిన్న సంగతి కాదు.

ఆ మాటలలో సంఖ్యలు దాగిన తీరు పెద్దలలో కొందరు ఎరుగుదురు. కటపయాది యను పద్ధతి ప్రకారము ఒక్కొక్క హల్లునకు ఒక్కొక్క అంకె. ర యన్న 2, మ యన్న 5. అంకెలు కుడినుండి యెడమకు నడచును గనుక ‘రామ’ యన్న మాటకు 52. ఈ తీరున కూర్చిన చంద్రవాక్యములు 248. వానిని వరరుచి చేసెనని ప్రతీతి. 248 యే యేల? చంద్రుడు వేగముగ నడచు చోటునుండి బయలుదేరి మరల ఆ వేగమునకు వచ్చుటకు ఇరువదియేడున్నర దినములకు కొంచెము మించి పట్టును. అట్టివి తొమ్మిది కూడిన ఇంచుమించు సరిగా 248 దినములు. ఆ పిదప చక్రము మొదటికి వచ్చును. కనుక వాక్యములు వల్లించినవానికి చంద్రుని నడక చేతిలోనిదే. గవ్వలు సంఖ్యలను నిలుపు తావులు. వాక్యములు లెక్క నడచు దారి. ఈ రెండు మాటలను మనసున నుంచుకొనుడు; ముందు వీనితో పనియున్నది.

కాలము గడచినకొలది పాత లెక్కకును ఆకాశమునకును ఎడము పెరిగినది. దానిని గుర్తించినవారిలో చింతామణి రఘునాథాచార్యులవారు ముఖ్యులు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేయుచు, 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు మన తెలుగుదేశపు వనపర్తికి వచ్చిరి. కంటికి కనబడుదానితో సరిపోవు గణితము కావలెనని దృగ్గణిత పంచాంగమును ప్రచురించిరి. అప్పటినుండి దక్షిణాదిని వాక్యమా, దృక్కా యను వాదము చెలరేగెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మేఘనాద సాహాగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1955లో నివేదిక నియ్యగా, 1957 మార్చి 22న రాష్ట్రీయ పంచాంగ మారంభమైనది. ఒక పండుగ యేనాడు చేయవలెనన్న తగవులో రెండు ఘడియలు ఒక దినమునే మార్చివేయగలవు. కావున మా తాతగారికి ఈ వాదము ప్రాణసమమై యుండెను.

ఇక యంత్రము సంగతి. కూడికలు తీసివేతలు చేయు యంత్రములు పూర్వమే కలవు. కాని మనము చెప్పిన మెట్లను వరుసగా జ్ఞాపకముంచుకొని, మీట నొక్కినంతనే తానే నడచు క్యాలిక్యులేటరు వేరు. ఇటలీవారి ఒలివెట్టి సంస్థ 1965లో బల్లమీద పెట్టుకొను అట్టి యంత్రమును చూపినది. 1974లో అమెరికాలోని హ్యూలెట్ పాకార్డ్ సంస్థ హెచ్‌పీ-65 అను, అరచేత నిమిడెడి యంత్రమును తెచ్చినది. దాని వెల 795 డాలర్లు. నూరు మెట్లను జ్ఞాపకముంచుకొని, వానిని ఒక చిన్న అయస్కాంతపు చీటిమీద భద్రపరుచుకొనగలది. 1975లో అమెరికా, రష్యా వ్యోమనౌకలు అంతరిక్షమున కలిసినప్పుడు అమెరికా వ్యోమగాములు దానిని వెంట గొనిపోయిరి. 1977లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-59 వచ్చినది. దానికి 960 మెట్లవరకు శక్తి కలదు. అందలి సంఖ్యల తావులు మా తాతగారి గవ్వలే. మెట్ల వరుస వాక్యములే. వస్తువు మారినది కాని ఊహ మారలేదు.

1983లో కువైటునుండి వచ్చిన మా మేనమామగారు నాకొక టీఐ-59 నిచ్చిరి. ఎఱ్ఱని అంకెలు వెలిగెడి ఆ పెట్టెను చూచుటకు వీధివారందరును వచ్చిరి. కాని మెట్లు చెప్పనిదే అది యేమియు చేయదు. ఆ మెట్లకు ఆధారము పుస్తకములే. అప్పటి పుస్తకములలో ఆకాశ గణితమునకు రెండు ప్రసిద్ధములు. పీటర్ డఫెట్-స్మిత్ వ్రాసిన ‘ప్రాక్టికల్ అస్ట్రానమీ విత్ యువర్ క్యాలిక్యులేటర్’ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయమున 1979లో వెలువడినది. బెల్జియము దేశస్థుడైన జాన్ మెయుస్ వ్రాసిన ‘అస్ట్రనామికల్ ఫార్ములే ఫర్ క్యాలిక్యులేటర్స్’ కూడ ఆ కాలముననే తొలుత వచ్చినది. ఈ రెండవదాని ప్రతి నొకదానిని నేను మిత్రునియొద్ద ఎరువు తెచ్చుకొంటిని.

దానితో తిథి లెక్కించు విధము మీకును సులభముగ తెలియును. చంద్రుడెన్ని భాగలలో నున్నాడో, సూర్యుడెన్ని భాగలలో నున్నాడో రాబట్టి, చంద్రునినుండి సూర్యుని తీసివేసి, పన్నెండుచేత భాగింపవలెను. వ్యత్యాసము నూరు భాగలైనచో ఎనిమిది తిథులు గడచి నవమి నడచుచున్నదని యర్థము. పాశ్చాత్యుల పుస్తకము సాయనమును చెప్పును, మనది నిరయనము. అయినను తీసివేతలో అయనాంశ రెండుదిక్కుల కొట్టుకొనిపోవును గనుక తిథికి చిక్కు లేదు. నక్షత్రమునకు మాత్రము అయనాంశను తగ్గించియే పదుమూడు భాగల ఇరువది లిప్తలచే భాగింపవలెను. ఇది తెలియక మొదట నేను నక్షత్రములన్నిటిని తప్పుగ చెప్పితిని. తప్పును పట్టినది మా తాతగారే.

అంతయు సరిపడిన నాడు నేను గర్వముతో యంత్రమును ఆయన ముందుంచితిని. ఆయన గవ్వలు పేర్చి ముగించునంతలో యంత్రము తిథిని చెప్పివేసినది. ఆయన దానిని చేతిలోకి తీసికొని, త్రిప్పి చూచి, “నాయనా, సంఖ్య బాగున్నది. అది యెట్లు వచ్చినదో ఇది చెప్పునా?” అని అడిగిరి.

“అది పుస్తకములో నున్నది తాతా,” అంటిని.

“అయితే పుస్తకమును జాగ్రత్త చేసికొనుము,” అనిరి.

నేను చేసికొనలేదు. మిత్రుని పుస్తకము తిరిగి యిచ్చివేసితిని. చీటిలో మెట్లున్నవి గదా యని ధైర్యము. తాతగారు పోయిన పిదప ఇల్లు మరమ్మతు చేయించునప్పుడు అటకమీది కాగితములన్నిటిని తూకమునకు వేసితిమి. వానిలో ఆ గోధుమవన్నె పుస్తకమును పోయినది. వేసినవాడను నేనే. ఇక యంత్రములో లెక్క యుండగా ఇది యేల యనుకొంటిని.

కొన్నియేండ్లకు యంత్రమునకును కాలము చెల్లినది. లోపలి బ్యాటరీ చెమర్చి తీగలను తినివేసినది. చీటిని లాగెడి రబ్బరు చక్రము కరిగి జిగురైపోయినది. ఈ జాతి యంత్రములకు ఇది సామాన్యమైన జబ్బేనని తరువాత తెలిసినది. ఆ యంత్రము ఆర్పినంతనే మెట్లను మరచునది గనుక చీటి చదువనిచో అంతయు శూన్యమే. గవ్వలు పోయినవి, చేవ్రాత పోయినది, యంత్రము పోయినది. నాయొద్ద మిగిలినది తాతగారి ప్రశ్న యొక్కటే.

అప్పుడు పుస్తకము వెదుకుట మొదలుపెట్టితిని. హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారమునాడు కాలిబాటమీద పరచు పాతపుస్తకములలో చూచితిని. మద్రాసులో మూర్ మార్కెట్ 1985లోనే తగులబడి పోయినది. గ్రంథాలయములకు జాబులు వ్రాసితిని. కొన్నిచోట్ల ‘కాలము చెల్లినది’ అని తీసివేసితిమనిరి. అసలు చిక్కది. యంత్రము పాతబడినదని దాని పుస్తకమును గూడ పాత సామానుగ నెంచుదురు. యంత్రములు చేసినవారు వేరొకటి చేయుదురు. పుస్తకము మరల అచ్చు కాదు.

వెదకుటలో నేర్చినది చెప్పెదను. పుస్తకము పేరు మాత్రము చాలదు. కర్త పేరు, కూర్పు, సంవత్సరము మూడును వ్రాసికొనవలెను. మెయుస్ పుస్తకమునకు 1988లో సవరించి పెంచిన నాలుగవ కూర్పు కలదు. 1991లో ఆయనయే ‘అస్ట్రనామికల్ ఆల్గరిథమ్స్’ అను మరియొక పెద్ద గ్రంథమును వ్రాసెను. వర్తకులు ఒకదానికి బదులు మరియొకటి చేతబెట్టుదురు. పుటలు లెక్కించి, సంఖ్యల పట్టికలు చినుగలేదని చూచికొనవలెను. కథలో ఒక పుట పోయిన ఊహింపవచ్చును. గణితమున ఒక అంకె పోయిన గ్రహణమే తప్పిపోవును.

తుదకు బెంగుళూరు అవెన్యూ రోడ్డులో, ఇంజనీరింగు పరీక్షల గైడుల గుట్టక్రింద, నాలుగవ కూర్పు ప్రతి యొకటి దొరికినది. ఏదో గ్రంథాలయము కొట్టివేసిన ముద్ర దానిమీద నున్నది. అంచులలో ఎవరో పెన్సిలుతో సవరణలు వ్రాసియున్నారు. మా తాతగారి పుస్తకపు అంచులు జ్ఞప్తికి వచ్చినవి. ఇంటికి వచ్చి, పిల్లలు బడికి గొనిపోవు క్యాలిక్యులేటరుతో, ఒక్కొక్క మెట్టును చేతితో నడిపి ఆనాటి తిథిని రాబట్టితిని. రెండు గంటలు పట్టినది, పంచాంగముతో సరిపోయినది. యంత్రము లేకున్నను పుస్తకము పనిచేసినది.

ఇట్లు వెదకి దక్కించుకొన్నవారు మనకు పూర్వమును కలరు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు వ్రాసిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించెను. ఆ సంస్కృత మూలము వ్రాతప్రతులలోనే యుండిపోగా, రంగాచార్యులవారు ప్రతులను సేకరించి 1912లో మద్రాసున అచ్చు వేయించిరి. కడపలో బ్రౌను దొర తాళపత్రముల నేరి వ్రాయింపకున్న మన కావ్యములలో ఎన్ని మిగిలి యుండునో! వారెన్ గ్రంథమును ఈనాడు స్కాను రూపమున ఎవరైనను చదువవచ్చును. ఒకడు దాచినది పదుగురికి దక్కును.

కావున పెద్దలారా, మీతో నాకొక మనవి. ఇల్లు సర్దునప్పుడు అటకమీది కట్టను విప్పి చూడక తూకమునకు వేయకుడు. లెక్కల చేవ్రాతలు, పాత పంచాంగములు, మూలబడిన యంత్రముతో వచ్చిన పుస్తకము, ఏదైనను సరే, చదువుకొన్న మనుమనిచేత మొదటి పుట చదివించుడు. సెల్‌ఫోనుతో పుటలకు ఛాయాచిత్రములు తీయించుడు. అటుపైన అమ్మదలచిన అమ్ముడు.

మా యింటి గోధుమవన్నె పుస్తకము మరల దొరకునని నేననుకొనను. మీ యింటిది ఇంకను అటకమీదనే యుండవచ్చును.