మగ్గానికి పురమాయింపు, మిషనుకు పురమాయింపు

ఈసారి పోస్టు కాస్త పెద్దదే. తీరిక చేసుకుని చదవండి.

మన సంఘానికి ఫోనులో ఒక పేజీ ఉండాలని చాలా రోజులుగా అనుకుంటున్నాం కదా. పెళ్ళి కబురు, చావు కబురు, నెల చందా, రక్తం కావలసినవారి వివరం, ఈ నాలుగూ ఒక్కచోట కనిపించాలి. డబ్బిచ్చి చేయించుకునే తాహతు సంఘానికి లేదు. అందుకని, మాటల్లో చెబితే తెర గీసిచ్చే ఏఐ పనిముట్టు ఒకటి తెరిచి, మేము ముగ్గురం కూర్చుని ఒక వాక్యం రాశాం: "తెలుగు సంఘానికి అందమైన, ఆధునికమైన యాప్ తయారు చెయ్యి."

నిమిషంలో తెర వచ్చేసింది. చూడ్డానికి బాగానే ఉంది. పైన నవ్వుతున్న కుటుంబం బొమ్మ, సన్నటి అక్షరాలు, లేత బూడిద రంగు. చావు కబురు మాత్రం "ఈవెంట్స్" అనే శీర్షిక కింద చేరింది. దాని పక్కనే నారింజ రంగు బొత్తాం, మీద "ఇప్పుడే చేరండి" అని. మేము ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఆ ఫోనునే మన వీధిలో ఒక పెద్దమ్మ చేతికిచ్చాం. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. చెయ్యి చాచి ఫోనును దూరంగా పెట్టుకుని చూసి, "అచ్చరాలు తెలుస్తా ఉండాయి నాయనా, యాడ నొక్కేది?" అనింది. పక్కనే ఉన్న మనవడు నొక్కబోయి ఆగిపోయాడు. వాడికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. "అవ్వా, ఇదేం రాసుండారు?" అని అడిగాడు. అవ్వ చదివి చెప్పింది, మనవడు నొక్కాడు. ఒక్క పేజీ చూడడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

తప్పు మిషనుది కాదు, మేము రాసిన వాక్యానిది. అదెలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అత్తిమంజేరిపేట నేతగాళ్ళ ఊరు. మన ఇళ్ళల్లో ఎవరైనా నేతగాడి దగ్గరికొచ్చి "అందమైన చీర నెయ్యి" అంటే ఆయన పడుగు పెడతాడా? పెట్టడు. పొడుగెంత, పన్నా ఎంత, నూలు ఏ నంబరు, ఒంటి రంగేది, అంచు ఎన్ని వేళ్ళ వెడల్పు, కొంగులో ఏముండాలి, బుటా ఎంత దూరానికొకటి అని వరసగా అడుగుతాడు. ఆఖరున, కట్టుకునేది ఎవరని కూడా అడుగుతాడు. పెళ్ళికూతురి చీరకూ ముసలమ్మ చీరకూ ఒకే జవాబు ఉండదు. దీన్నే మనవాళ్ళు పురమాయింపు అన్నారు. ఇవాళ ఇంగ్లీషులో ప్రాంప్ట్ అంటున్నది ఇదే.

పురమాయింపును మిషనుకు అర్థమయ్యేలా రాయడం కూడా మగ్గం దగ్గరే మొదలైంది. 1725లో ఫ్రాన్సులోని లియోన్ పట్నంలో బసీల్ బూషాన్ అనే ఆయన, చిల్లులు పొడిచిన కాగితంతో ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే పద్ధతి కనిపెట్టాడు. 1804లో అదే పట్నంలో జోసెఫ్ మేరీ జకార్డ్ అట్టల గొలుసుతో దాన్ని స్థిరపరిచాడు. మనం రోజూ పలికే "జకార్డు" ఆయన పేరే. డిజైనును గళ్ళ కాగితం మీద గీసి, గడి గడికీ లెక్క చూసి అట్టల్లో చిల్లులు కొడతారు. చిల్లు ఉన్నచోట కొక్కెం పోగును లేపుతుంది, లేనిచోట పోగు కిందే ఉంటుంది. పువ్వైనా, నెమలైనా, హంసైనా ఈ రెండు మాటలతో వచ్చిందే.

జకార్డ్ బొమ్మనే పట్టు మీద నేశారు. దానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. ఆ పట్టుబొమ్మ ఒకటి ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ దగ్గర ఉండేది. ఆయన 1830లలో తలపెట్టిన లెక్కల యంత్రానికి ఈ అట్టలతోనే ఆజ్ఞలివ్వాలనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ చిల్లుల అట్టలతోనే లెక్కపెట్టాడు. కంప్యూటర్లు వచ్చాక కూడా చాలా ఏళ్ళు వాటికి పని చెప్పింది అట్టలతోనే. కంప్యూటర్ చరిత్రలో మగ్గానికి ఉన్న చోటు అది.

తర్వాత తెర వచ్చింది. 1963లో ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాములో తెర మీద లైట్ పెన్నుతో గీసి చూపించాడు. 1973లో జిరాక్స్ వాళ్ళ ఆల్టో, 1984లో ఆపిల్ వాళ్ళ మెకింటాష్ వచ్చాయి. కిటికీలు, బొమ్మలు, బొత్తాలు మామూలు మనుషుల ముందుకొచ్చాయి. అయితే అవన్నీ ఇంగ్లీషు అక్షరం కొలతకు కుట్టినవి. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద వరసగా నిలబడతాయి. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు ఉంటాయి. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు పేర్చి ఉంటాయి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అయినా 2018 ఫిబ్రవరిలో ఒక చిత్రం జరిగింది. "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక విధంగా టైపు చేసి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ వాళ్ళు అదే నెలలో 11.2.6 కూర్పు విడుదల చేసి సరిచేశారు. జ్ఞానంలోని మొదటి అక్షరానికే ఫోను పడిపోయిందని అప్పట్లో మనవాళ్ళు నవ్వుకున్నారు. మన అక్షరం బరువును ఇంగ్లీషు కొలతల తెర దానంతట అది మొయ్యదు, ముందే చెప్పి మోయించాలి.

ఇప్పటి పనిముట్ల సంగతికొద్దాం. 2023లో వెర్సెల్ వాళ్ళ వీ0, 2025 మే నెలలో ఫిగ్మా మేక్, గూగుల్ స్టిచ్ వచ్చాయి. స్టిచ్ అంటే కుట్టు. చూశారా, ఇక్కడ కూడా బట్ట పేరే! వీటిలో ఏదైనా సరే, మనం మాటల్లో చెబితే తెర గీస్తుంది, కోడు కూడా రాసిస్తుంది.

కానీ జకార్డుకూ వీటికీ పెద్ద తేడా ఒకటుంది. జకార్డు చెప్పనిది చెయ్యదు. చిల్లు కొట్టడం మరిచిపోతే పోగు లేవదు, బట్టలో తప్పు కంటికి కనిపిస్తుంది. ఏఐ అలా కాదు. చెప్పనిదాన్ని ఊహించి నింపుతుంది. దేనితో నింపుతుంది? అది నేర్చుకున్న లెక్కలేనన్ని తెరల్లో ఎక్కువసార్లు కనిపించినదానితో. ఆ తెరల్లో ఎక్కువ భాగం పెద్ద పట్నాలవాళ్ళు, ఇంగ్లీషు చదివేవాళ్ళు, కొత్త ఫోన్లున్నవాళ్ళ కోసం చేసినవి. మేము "సంఘం" అన్నాం, అది క్లబ్బు అనుకుంది. "కబురు" అన్నాం, అది వేడుక అనుకుంది. "తెలుగు" అన్నాం, అది తెలుగు చదవగలవాళ్ళు అనుకుంది. మనమెవరో మనం చెప్పకపోతే, ఇంకెవరి బతుకో తెచ్చి మన తెర మీద పెడుతుంది. పైగా తప్పు అందంగా ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం.

మరి మనమెవరం? ఇదే అసలు చరిత్ర. కార్వేటినగరం జమీందారీ రోజుల నుంచి తిరుత్తణి సీమ తెలుగూ తమిళమూ కలిసి మాట్లాడిన సీమ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది, మనం అందులో ఉన్నాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరుతో పాటు అటే వెళ్ళాం. మ.పొ. శివజ్ఞానం, మంగళంకిళార్ వంటివారు ఇటు ఉద్యమం చేశారు. పటాస్కర్ మధ్యవర్తిత్వం జరిగింది, 1959లో సరిహద్దుల మార్పు చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వెళ్ళాయి. గెలుపోటముల లెక్క కోసం ఇది చెప్పడం లేదు. మనుషులం ఉన్నచోటే ఉన్నాం, గీత జరిగింది, అంతే. 1997లో తిరువళ్ళూరు జిల్లా అయ్యాం. 2006లో తమిళ భాషాభ్యాస చట్టం వచ్చి, ఆ బడి ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది.

ఆ తేదీలన్నీ పెద్దమ్మ చేతిలోని ఫోనులోకి వచ్చి కూర్చున్నాయి. ఆమె తెలుగు బడిలో చదివింది, తమిళం మాట్లాడుతుంది గానీ చదవలేదు. మనవడు తమిళంలో చదివాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. ఇద్దరి మాటా ఒకటే, లిపి వేరు. ఈ సంగతి ఏ పనిముట్టుకూ తనంతట తెలియదు. మనమే చెప్పాలి.

మాలో ఒకరు, "తెలుగునే తమిళ లిపిలో రాసేస్తే పోదా?" అన్నారు. అదీ రాసి చూశాం. తమిళ లిపిలో క, గ రెండిటికీ ఒకే అక్షరం, ట, డ రెండిటికీ ఒకటే. "గుడి", "కుడి" ఒకేలా పడ్డాయి. పైగా తమిళం చదివేవాడికి ఆ అక్షరాలు "తాగు" అని కనిపిస్తాయి! గుడి దగ్గర కలుద్దాం రండి అని రాస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆ దారి వదిలేశాం.

రెండోసారి కూర్చున్నప్పుడు నేతగాడి ప్రశ్నలన్నీ మమ్మల్ని మేమే అడిగి, ఇలా రాశాం:

"ఇది నేతపని చేసే ఊళ్ళోని సంఘానికి ఫోను పేజీ. చూసేవాళ్ళు రెండు రకాలు: 65 దాటిన, తెలుగు మాత్రమే చదివే పెద్దలు, తమిళం మాత్రమే చదివే యువకులు. అందరూ తెలుగు మాట్లాడతారు. మొదటి తెరలో నాలుగే బొత్తాలు, ఒకదాని కింద ఒకటి: చావు కబురు, పెళ్ళి కబురు, రక్తం కావాలి, నెల చందా. ప్రతి బొత్తాం మీద పైన తెలుగు, కింద అదే మాట తమిళంలో. ఈ మాటల్ని మార్చకు. ప్రతి కబురు పక్కనా చదివి వినిపించే బొత్తాం ఉండాలి. చావు కబురులో పేరు, వీధి, ఎన్ని గంటలకు ఎత్తుతారు, ఎవరికి ఫోను చెయ్యాలి, ఇవి మాత్రమే. అక్కడ బొమ్మలు, నవ్వు మొహాలు, మెరిసే రంగులు వద్దు. తెలుగు వరసల మధ్య వత్తులు తెగకుండా అక్షరం ఎత్తుకు 1.6 రెట్ల ఖాళీ ఉంచు. బొత్తాం ఎత్తు 48కి తగ్గకూడదు. అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. పాత ఫోనులో, సిగ్నలు సరిగా లేనిచోట కూడా తెరుచుకోవాలి. కబురేదీ లేని రోజు, సిగ్నలు పోయినప్పుడు ఏం కనిపిస్తుందో ఆ తెరలు కూడా గియ్యి."

ఈసారి వచ్చింది మన పేజీలా ఉంది. సరిదిద్దాల్సినవి ఉన్నాయి. తమిళం వరస ఒకచోట మరీ చిన్నదైపోయింది, చందా తెర ఇరుగ్గా వచ్చింది. అన్నీ ఒకేసారి మార్చమంటే బాగున్నది కూడా చెడిపోయింది. అందుకని ఒక్కో మార్పు ఒక్కో మాటగా చెప్పాం: "చందా తెర మాత్రం మార్చు, మిగతావి ముట్టుకోవద్దు" అని. తెగిన పోగును అక్కడికక్కడ అతుకుతాం గానీ పడుగంతా కొయ్యం కదా.

ఇంకో రెండు సంగతులు. ఒకటి, తెర మీది మాటలు మనమే రాసివ్వాలి. వెనక అచ్చుపనివాళ్ళు డిజైను చూపడానికి "లోరెమ్ ఇప్సమ్" అనే లాటిన్ ముక్కను నింపేవారు. అది క్రీస్తుపూర్వం 45లో సిసిరో రాసిన పుస్తకం నుంచి ముక్కలు చేసి తీసుకున్నది, 1960లలో లెట్రాసెట్ షీట్లతో ఊరూరా పాకింది. దాన్ని ఎవరూ చదవరు గనక చెల్లింది. ఏఐ నింపే తెలుగు అలా కాదు, చదివితే అర్థమవుతుంది, కానీ మన ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. "మరణ ప్రకటన" అని రాస్తుంది. మనం "చావు కబురు" అంటాం. రెండు, సభ్యుల అసలు పేర్లు, ఫోను నంబర్లు, రక్తం గ్రూపులు ఆ పనిముట్లలో రాయకండి. డిజైను చూడడానికి ఉత్తుత్తి పేర్లు చాలు.

రెండో పేజీని మళ్ళీ ఆ పెద్దమ్మ చేతిలోనే పెట్టాం. ఈసారి ఎవరినీ అడగకుండా "రక్తం కావాలి" మీద వేలు పెట్టింది. మనవడు కింద తమిళం వరస చదువుకుని, పక్కనున్న వినిపించే బొత్తాం నొక్కాడు. అందులో పలికిన తెలుగు విని ఆమె మొహం చిట్లించింది. "ఇదెవురు నాయనా, మన మాదిరి మాట్లాడలేదే?" అనింది.

అందుకే ఈ పోస్టు. చదివి వినిపించే గొంతు మిషనుది వద్దు, మనదే కావాలి. నాలుగు బొత్తాల మీది మాటలు, వారం వారం వచ్చే కబుర్లు మన ఊరి తెలుగులో చదివి రికార్డు చెయ్యడానికి ఇద్దరు ముగ్గురు కావాలి. అక్కలు, అవ్వలు ముందుకొస్తే ఇంకా మంచిది. వచ్చే ఆదివారం సాయంత్రం సంఘం కూడినప్పుడు రండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో తెలుగు చదవలేని పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని రండి. పేజీ వాళ్ళకు కూడా తెలిసిందో లేదో వాళ్ళ చేతికిచ్చే చూడాలి.