పాత మాట చెరగడం లేదు

ఫ్యాను ఆపేశారు, గాలికి టేపు లేస్తుందని. తమిళ వైకాసి నెల ఉక్క. చొక్కా వీపుకి అంటుకుపోయినా మీరు పీట మీంచి కదలరు. బల్ల మీద పైమూత విప్పిన రోలాండ్ ఆర్‌ఈ-201 ఉంది, 1974లో జపాన్‌లో మొదలైన స్పేస్ ఎకో అనే టేపు ఎకో పెట్టె. దీనికి చుట్టలుండవు. కొసలు అతికించిన కొన్ని మీటర్ల టేపు పలక కింద మడతలు మడతలుగా పడి ఉంటుంది. ఓ పక్క బయటికొస్తూ, ఇంకో పక్క లోపలికి దూరుతూ తిరుగుతుంది. ఎక్కడో చిక్కుపడి తీరుతుందనిపిస్తుంది. పడదు.

తెచ్చిన కుర్రాడిది లైట్ మ్యూజిక్ ట్రూపు. వేరే ఊళ్లో కండెన్సర్లు, టేపు, పించ్ రోలరు మార్పించాడు. ఇక్కడ విల్లియనూరులో తిరుకామీశ్వరుడి రథోత్సవానికి కచేరీ ఒప్పుకున్నాడు. ఫ్రెంచివాళ్ల కాలం నుంచీ గవర్నరొచ్చి పగ్గం పట్టే రథం అది, జనం మామూలుగా రారు. మెకానిక్కుది యానాం. విల్లియనూరొచ్చి తమిళం పట్టుబడినా గోదావరి "ఆయ్" మాత్రం పోలేదు.

"బాగుచేయించాక కొత్త జబ్బొచ్చింది మాస్టారూ. పాడేకొద్దీ వెనకాల గోల పెరిగిపోతోంది."

"ఆయ్. ఇంటెన్సిటీ ఎక్కువ పెట్టేశావేమో బాబూ?"

"సున్నాలోనే ఉందండీ."

మెకానిక్కు ముందు ప్లగ్గు చూశాడు. ఇది జపాన్‌లో వాడకానికి చేసిన పెట్టె, 100 వోల్టులు చాలు. గోడలో 230. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఉంది, బాగానే ఉంది.

మోడ్ మీట ఒకటో అంకె మీద పెట్టి, మైకు దగ్గర నాలుకతో "టక్" మన్నాడు. వెంటనే ఒక "టక్" తిరిగొచ్చింది. రికార్డు హెడ్డుకీ ప్లే హెడ్డుకీ ఉన్న ఎడమే ఆ ఆలస్యం. సెకనుకి 19 సెంటీమీటర్లు నడిచే టేపు మీద హెడ్లు 1.9 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, సెకనులో పదో వంతు. అంతే లెక్క.

కుర్రాడేదో అనబోతే వేలెత్తి ఆపాడు. వీధిలో లారీ హారను. టేపు తిరుగుతోంది. స్పీకరులో అతుకు దాటిన చిన్న "చిట్". కాసేపటికి, ఎవరూ నోరు తెరవకుండానే, "టక్". మళ్లీ ఓ చుట్టు, మళ్లీ "చిట్", దాని వెనకాల అంతే ఎడంలో మళ్లీ అదే "టక్".

ఇప్పుడు మీకూ తెలిసిపోతుంది. ఇంటెన్సిటీ వల్ల ప్లే అయిన శబ్దం మళ్లీ రికార్డులోకి వెళుతుంటే అది సెకనులో ముక్కకొకసారి వినపడాలి. ఇది లూపు మొత్తం తిరిగొచ్చాక వస్తోంది. అంటే పాతది చెరగడం లేదు. రికార్డు హెడ్డుకి ముందు చెరిపే హెడ్డొకటి ఉంటుంది. ఎకో గురించి మాట్లాడేవాళ్లంతా మూడు ప్లే హెడ్ల గురించే చెబుతారు. నన్నడిగితే, పెట్టె మర్యాద నిలబెట్టేది ఇదే.

"పలక తుడవకుండా రాసిన మీదే రాస్తోంది," అన్నాడు మెకానిక్కు.

"హెడ్డు పోయిందా మాస్టారూ? ఇప్పుడెక్కడ దొరుకుతుంది?"

"కంగారుపడకు. రికార్డు హెడ్డుకి బయాస్ ఇచ్చే ఆసిలేటరే ఈ చెరిపే హెడ్డుకీ కరెంటిస్తుంది. అది చచ్చిపోతే రికార్డు కూడా బొంగురుగా, నీరసంగా పడేది. నీ టక్ శుభ్రంగా ఉందిగా?"

మీటరు మీదకి చెయ్యి వెళుతుందనుకుంటారు. వెళ్లదు. మీటరు కరెంటుకి హెడ్లలో అయస్కాంతం నిలిస్తే బుస మొదలవుతుంది. ప్లగ్గు లాగి, భూతద్దం పట్టుకుని వంగాడు. చెరిపే హెడ్డు వెనక ఒక లెడ్డు చుక్క మెరుపు లేకుండా, బూడిద రంగులో ఉంది. దూదిపుల్లతో తాకితే వైరు ఊగింది. డ్రై సోల్డరు. రిపేరులో ఎవరి చెయ్యో తగిలి వదులైనట్టుంది. ఐరను ఎక్కువసేపు ఆనిస్తే హెడ్డుకే ముప్పు గనక, అంటించీ అంటించనట్టు తీసేశాడు.

ఈసారి కుర్రాడే "టక్" అన్నాడు. జవాబొకటి. "చిట్" మళ్లీ మళ్లీ దాటింది, వెనకాల ఏమీ రాలేదు. ఆగలేక ఒక పల్లవి ఎత్తుకున్నాడు.

"స్వరం కొంచెం వణుకుతోంది," అన్నాడు మెకానిక్కు. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, టేపుని నడిపే క్యాప్‌స్టన్ తుడిస్తే దూది గోధుమ రంగుకి తిరిగింది. వణుకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

"రోలరు కొత్తది కదా, కాస్త నడవనీ. కచేరీ అయ్యాక పట్రా, అప్పుడు చూద్దాం. ఈలోగా టేపు తెగితే అతుకు వెనకవైపే వెయ్యి, మందున్న వైపు కాదు."