ముత్తాత పేరు - పౌరసత్వము

మన యిండ్లలో వివాహసమయమున ముత్తాత, తాత, తండ్రి అను మూడు పేర్లు చదివి, నాలుగవవానిగా వరుని నిలుపుదురు. శ్రాద్ధమునందు పిండములును మూడు తరములకే. అంతకు పైవారు స్మృతినుండి జారిపోవుదురని మన పెద్దలే యంగీకరించినట్లు తోచును. నేటి రాజ్యములును పౌరసత్వవిషయమున ఈ ప్రశ్ననే వేయుచున్నవి: నీ ముత్తాత యెవడు? ఎచ్చట పుట్టెను? పురోహితునికి నోటిమాట చాలును. రాజ్యమునకు కాగితము కావలెను. ఆ కాగితము ఎవరికి కలదో, ఎవరికి లేదో విచారింపవలసియున్నది.

ఈ విచారణ రాయికోడ్ వంటి మా పల్లెలకు క్రొత్తది కాదు. జహీరాబాదు తాలూకా నైజాము రాజ్యమున బీదరు జిల్లాలో నుండెను. 1919లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ వెలువరించిన ఫర్మానా ననుసరించి సర్కారు కొలువునకు ముల్కీ యైయుండవలెను. జన్మచే హైదరాబాదు ప్రజ యైనవాడును, 15 ఏండ్లు స్థిరనివాసము చేసినవాడును, 15 ఏండ్లు కొలువు చేసి యింకను కొలువులోనున్న తండ్రికి పుట్టినవాడును ముల్కీలే. ముల్కీని పెండ్లాడిన స్త్రీయును ముల్కీ యగును. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. ఆ రాజ్యము వంశమునే గాక నివాసమును గూడ లెక్కించెను. కాని తండ్రి కొలువునకు, భర్త స్థితికి విలువ కట్టినచోట తల్లిని పేర్కొనలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున చేరెను. 1956 నవంబరు 1న జహీరాబాదు తాలూకాలో అధికభాగము బీదరును విడిచి ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. ఒక వృద్ధురాలు తాను పుట్టిన వాకిలి దాటకయే ఈ మార్పు లన్నింటిని చూచి యుండవచ్చును. ఆమె కదలలేదు, రాజ్యములే కదలినవి.

వాకిలి దాటినవారి గతి యెట్టిది? కోరంగి, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి వేలకొలది తెలుగువారు ఓడలెక్కి బర్మాకు పోయిరి. రంగూను రేవున మూటలు మోసినవారు, బియ్యపు మిల్లులలో శ్రమించినవారు వీరే. వారిని అచ్చట కోరంగీలని పిలిచెడివారు. 1942లో జపాను దండెత్తినపుడు లక్షలమంది భారతీయులు అడవులబడి నడచి స్వదేశము చేరిరి. 1962 తరువాత మరల లక్షలమంది వెడలిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ కథను చెప్పుచున్నది. అచ్చటనే మిగిలినవారికి 1982 నాటి చట్టము వేరొక పరీక్ష పెట్టెను. 1823కు పూర్వమే ఆ దేశమున స్థిరపడిన జాతులవారే దానికి స్వతస్సిద్ధ పౌరులు. తక్కిన పెక్కుమందికి దిగువ తరగతులు కల్పింపబడెను. అందొక తరగతికి, తాము గాని తమ తల్లిదండ్రులు గాని 1948 జనవరి 4కు పూర్వమే అచ్చట నుండిరని నిశ్చయముగా రుజువు చేయవలెను. యుద్ధమున ఊళ్లే కాలినచోట కూలివాని కాగితము నిలుచునా? 1823 అనగా ఆంగ్లేయులు బర్మాతో మొదటి యుద్ధము చేయుటకు ముందటి యేడు. ఒక కాలరేఖను గీచి మనుష్యులను ఈ వంకకు, ఆ వంకకు త్రోయుట ఎంత సులభము!

మారిషసు చరిత్ర దీనికి మారురూపము. 1834 మొదలు సుమారు నాలుగున్నర లక్షల భారతీయులు చెఱకు తోటలకై ఒడంబడికలపై ఆ దీవి చేరిరి. వారిలో తెలుగువారును కలరు. తోటదొరలకు కూలీల లెక్క కావలసియుండెను గాన, ప్రతివానికి ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, గ్రామము, జిల్లా పుస్తకములలో వ్రాసిరి. గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసిన యొంటి పేరే తరువాతివారికి ఇంటిపేరైనది. దాస్యమునకై వ్రాసిన ఆ పుస్తకములే మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరుపబడి, నేడు మునిమనుమలకు హక్కుపత్రములగుచున్నవి.

ఏలయన, మన ప్రభుత్వము 2005లో చట్టమును సవరించి, 2006 జనవరిలో హైదరాబాదు నగరమున జరిగిన ప్రవాసి సభయందు, విదేశములలోని భారతసంతతికి ఓ.సీ.ఐ. పత్రము నొసగ నారంభించెను. ఈ హక్కు సామాన్యముగా మునిమనుమలతో ఆగును. మన పిండములవలె ఇదియు మూడు తరములదే. 1947 ఆగస్టు 15 తరువాత భారతమున చేరిన ప్రాంతపువారి సంతతికిని ఇది వర్తించును. మారిషసువారికి తరములు మించిపోవుటచే, 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము పోర్టులూయీలో ఏడవ తరమువారికిని సడలింపు ప్రకటించిరి. అయినను ఇది పూర్ణ పౌరసత్వము గాదు. ఓటు లేదు, రాజ్యాంగపదవులు లేవు, సేద్యపు భూమి కొనరాదు.

స్త్రీల మాట యింకను మిగిలియున్నది. 1948లో సింహళము చేసిన చట్టము తండ్రి, తాత, ముత్తాతల జన్మస్థలముల నడిగినదే కాని తల్లిని గణింపలేదు. తోటలలో పనిచేసిన లక్షలమంది, వారిలో అత్యధికులు తమిళులు, ఏ దేశమునకును చెందనివారైరి. మనమును గర్వింప బనిలేదు. విదేశమున పుట్టిన బిడ్డకు తల్లి ద్వారా పౌరసత్వము సంక్రమించునని మన చట్టము చెప్పినది 1992లో మాత్రమే. నవమాసములు మోసిన తల్లికి తన దేశమును బిడ్డ కిచ్చుటకు గణతంత్రము వచ్చిన పిమ్మట 42 ఏండ్లు వేచియుండవలసి వచ్చెను.

మా నిశ్చయ మిది. పూర్వికుడు ప్రేమకు, స్మృతికి మూలము. దూరదేశపు బిడ్డ ఆ దారిని తిరిగివచ్చిన, తలుపు తెరచుట మన ధర్మము. కాని తలుపు మూయుటకు పూర్వికుని వాడుకొనుట అధర్మము. పుట్టిన నేల, గడపిన యేండ్లు, చేసిన కష్టము - ఇవి బ్రతికియున్నవాని సాక్ష్యములు; చచ్చినవాని కాగితముకంటె ఇవియే బలవత్తరములు.

చట్టములు మారువరకు మనము చేయదగిన పనియు నొకటి కలదు. ప్రతి గృహస్థుడును పుట్టుకలను, చావులను తప్పక నమోదు చేయించి, ఇంటిలో నొక పుస్తకము నుంచి, తల్లి, అమ్మమ్మ, ముత్తవ్వల పేర్లను, వారి పుట్టినయూళ్లను వ్రాసిపెట్టవలెను. తోటదొర లెక్కకై వ్రాయించిన పాటియైనను మన తల్లుల పేర్లు మనము వ్రాసికొనకుండుట న్యాయమా?