చిన్న రైలు మేకు, అర్ధ రూపాయి

మొన్న సంక్రాంతికి మా బావగారబ్బాయి వైజాగ్ నుంచి ఊరికొస్తూ మెటల్ డిటెక్టర్ ఒకటి పట్టుకొచ్చాడు. సినిమా హాలు గుమ్మం దగ్గర ఒంటికి తగిలించి చూస్తారే, ఆ రకం కాదు. పొడుగాటి కర్ర, చివర పళ్లెమంత చుట్ట, చేతి దగ్గర చిన్న పెట్టె. చుట్టలో కరెంటు పారితే నేలలోకి అయస్కాంత క్షేత్రం దిగుతుందట. అది తగిలిన లోహంలో కూడా చిన్న కరెంటు పుట్టి, ఇది కుయ్‌మంటుందట. వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో అదీ సంగతి.

మా అత్తవారి ఊరు టెంబూరు దగ్గర. ఇంటి వెనక పెద్ద పెరడు, ఒకప్పటి పశువుల శాల. ఇప్పుడు పశువుల్లేవు, శాల గోడలూ సగం పడిపోయాయి. వీడు పొద్దున్నే అక్కడ మొదలెట్టాడు. తొలి గంటలో దొరికినవి: సోడా మూతలు, గుట్కా రేకులు, విరిగిన కొడవలి ముక్క, నా పెళ్లయిన కొత్తలో పోయిందని నేను ఏడ్చిన గరిటె కాడ. మా అత్తగారు అరుగు మీద కూర్చుని, "ఏట్రా ఆ కూతలు? కోడి పొదిగినట్టుంది" అని నవ్వారు.

తర్వాత శాల మూల నుంచి జానెడు ఇనప మేకు వచ్చింది. తల ఒక పక్కకి వంగి ఉంది. మా అత్తగారు చూడగానే గుర్తుపట్టారు. "అది చిన్న రైలు మేకురా. దానికే దూడని కట్టీవోళ్లం."

చిన్న రైలంటే నౌపడ నుంచి పర్లాకిమిడికి వెళ్లే నేరోగేజి బండి. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి సొంత ఖర్చుతో వేయించిన లైను అది. 1900 ఏప్రిల్ 1న మొదలైంది. నౌపడలో మెయిన్ లైను దిగి దీనిలోకి మారితే టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా నలభై కిలోమీటర్లు. 1931 నాటికి గుణుపూర్ దాకా పొడిగించారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఎడం. ఇప్పటి పెద్ద లైనుది అయిదున్నర అడుగులు. 2004లో చిన్న బండి ఆపేసి, తర్వాత పెద్ద లైను వేశారు. పట్టాలూ స్లీపర్లూ తుక్కుకి పోయాయి. పట్టాని చెక్క స్లీపరుకి పట్టి ఉంచే ఇలాంటి మేకులు మాత్రం అక్కడక్కడ ఇళ్లలో గుంజలుగా మిగిలాయన్నమాట. మా ఇంటికి ఇదెలా వచ్చిందని అడిగితే అత్తగారు మాట మార్చేశారు.

ఏప్రిల్ ఒకటో తారీకు మా వైపు చరిత్రలో ఇంకో రెండుసార్లు కనిపిస్తుంది. 1936లో అదే రోజున ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. రైలు మాత్రం రెండు రాష్ట్రాల మధ్యా ఎప్పటిలాగే నడిచింది. 1957లో అదే తారీకున నయాపైసలు వచ్చాయి. అప్పటిదాకా రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు కానులు. ఒక్కసారిగా రూపాయికి వంద పైసలన్నారు. పదహారు వందలో సమానంగా పోదు కదా, అణాకి ఆరు పైసలా ఆరుంపావు పైసలా అని కొట్ల దగ్గర గొడవలయ్యేవట. పాత రూపాయి, అర్ధ రూపాయి, పావలా మాత్రం వంద, యాభై, పాతిక పైసలుగా అలాగే చెల్లాయి. పావలా నాణెం 2011 జూన్ 30తో పోయినా, "పావలా వంతు" అన్న మాట మన నోట్లో పోలేదు. చిల్లిగవ్వ, దమ్మిడీ, కానీ అన్నీ అంతే. సంచిలోంచి పోయి నాలుక మీద మిగిలాయి. నేను బీఏలో చదివిన తెలుగు ఇలాంటప్పుడు పనికొస్తుంది, వంటింట్లో కాకపోయినా.

మధ్యాహ్నం దొరికింది చిల్లు కానీ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రాగి పొదుపు కోసం మధ్యలో చిల్లు పెట్టి 1943 నుంచి 1947 వరకు కొట్టిన కంచు కానీ అది. పిల్లల మొలతాడుకి కట్టేవారని మా అత్తగారు చెప్పారు. మా వాడికి హుషారొచ్చేసింది. ఫోన్లో ఏదో వెతికి, "పిన్నీ, పాత నాణేలకి లక్షలిస్తారట" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా వీధిలో ఒకావిడ ఇలాగే పాత అయిదు రూపాయల బిళ్ల అమ్ముదామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత పన్ను అంటే కట్టుకుంటూ పోయింది. మొగుడికి చెప్పుకోలేక నా దగ్గర ఏడ్చింది. ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. మీ ఇళ్లలో ఎవరైనా ఆ మాటెత్తితే ముందు ఇది చెప్పండి.

వాడు అక్కడితో ఆగలేదు. "రేపు ముఖలింగం, ఎల్లుండి శాలిహుండం వెళ్దాం" అన్నాడు. గట్టిగా వద్దన్నాను. అవి రక్షిత స్థలాలు, అక్కడ తవ్వడం నేరం. రైలు కట్ట కూడా రైల్వేదే, మనది కాదు. మన పెరడైనా సరే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాసి తెలపాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు అన్నీ రాయాలి.

ఆ "ఎక్కడ" అన్నదే అసలు సంగతి. ముఖలింగమే తూర్పు గాంగుల కళింగనగరం అంటారు. ఆ రాజుల బంగారు ఫణాలు అర గ్రాము కూడా తూగవు. ఒక పక్క పడుకున్న నంది, ఇంకో పక్క రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో తెలిపే అంకె. ఫలానా గోడ కింద, ఫలానా పొరలో దొరికిందంటే ఆ గోడ వయసు చెప్పే సాక్షి అవుతుంది. ఎవడో రాత్రిపూట తీసి జేబులో వేసుకుంటే ముక్కుపుడకకి సరిపడే బంగారం, అంతే. మన గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినవారు. గుడి శాసనాలని ఎవరూ నేర్పకుండానే కూడబలుక్కుని చదివారు. రాళ్లు ఉన్నచోట ఉన్నాయి కాబట్టి చదవగలిగారు.

బ్రిటన్‌లో ఇలా వెతికేవాళ్లు తమకి దొరికినవాటిని చూపించి నమోదు చేయించుకోవడానికి 1997 నుంచి ఒక పథకమే ఉంది. మనకి అలాంటిది లేదు. అందుకే ఒక పాత నోటు పుస్తకం ఇచ్చి, పెరటి బొమ్మ గీసి, దొరికిన ప్రతిదీ ఎక్కడ, ఎంత లోతులో అన్నది రాయమన్నాను. మొహం మాడ్చుకున్నాడు గానీ రాశాడు.

సాయంత్రం, మేకు దొరికిన మూలకి రెండడుగుల అవతల ఇంకో కూత. మట్టి దులిపితే అర్ధ రూపాయి, వెనక పులి బొమ్మ, 1947. పాత స్పీకరు అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అంటుకుంది. కంచు కానీ అంటుకోలేదు. అది నికెల్ నాణెమని వాడు పుస్తకంలో రాసుకుంటుంటే, మా అత్తగారు అరుగు దిగి వచ్చారు. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

ఆమె కాపురానికొచ్చింది 1963లో. అప్పటికి చిన్న రైలు ఎక్కనే లేదట. పాతపట్నం నీలమణి దుర్గమ్మని చూసి రమ్మని, దారి ఖర్చుకి వాళ్లత్తగారు అర్ధ రూపాయి ఇచ్చారు. కొంగున ముడేసుకుని, తెల్లారకుండా లేచి శాల ఊడ్చి పేడ తీసి, స్నానానికి వెళ్తూ చూసుకుంటే ముడి ఉంది, నాణెం లేదు. "పుట్టింటికి పంపించీసినాది" అన్నారట. నలుగురిలో అన్నారు. తర్వాత మూడేళ్లు ఆమె చేతికి డబ్బివ్వలేదు. కూరగాయలకీ మరిదినే పంపేవారు. నా పెళ్లయి ఇరవై మూడేళ్లు. ఈ మాట ఆమె నోట ఒక్కసారీ వినలేదు. నేను కాపురానికొచ్చిన మొదటి నెలే ఇంటి తాళాలూ డబ్బు పెట్టే డబ్బా నా చేతికిచ్చి, "లెక్క నాకు సెప్పక్కర్లేదు" అన్నారు. అప్పట్లో అది ఆమె బద్ధకమనుకున్నాను.

"ఇదేనా అమ్మమ్మా అది?" అన్నాడు మా వాడు.

"ఎవులు సెప్పగలరు? ఎంతమంది కొంగుల్లోంచి జారిందో."

నిజమే. ఆ నాణేలు కోట్లలో కొట్టారు. ఎవరిదైనా కావచ్చు. పెద్ద ధర పలికే అరుదైనదీ కాదు. ఆ మాటే చెప్పాను.

"సొమ్మెంత?" అని అడిగారు మళ్లీ, నాణెం అటూ ఇటూ తిప్పుతూ.

"అర్ధ రూపాయే అత్తయ్యా."

"అయితే లెక్క సరిపోనాది," అని దాన్ని కొంగున ముడేసుకుని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ లోపలికి వెళ్లిపోయారు.